చోటు, వేళ, తోడు: తెలుగునాట వయోజనుల వ్యాయామచరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వయోజనులు వ్యాయామానికి దూరం కావడానికి వ్యక్తి బద్ధకమే కారణమన్న భావన నేటి ఆరోగ్యప్రచారంలో బలంగా కనిపిస్తుంది. తెలుగునాట వ్యాయామచరిత్రను పరిశీలించినప్పుడు ఈ భావన నిలవదు. ఆయుర్వేదగ్రంథాలు, విదేశీ యాత్రికుల కథనాలు, గరిడీ-తాలీంఖానాల సంప్రదాయం, జాతీయోద్యమకాలపు దేహదారుఢ్య ప్రచారం, స్త్రీల శ్రమజీవితం, సమకాలీన సర్వేలు ఈ పరిశీలనకు ఆధారాలు. పెద్దల వ్యాయామానికి చోటు, వేళ, తోడు అనే మూడు సామాజికవనరులు అవసరమనీ, ఆ మూడింటికీ తిండి పునాది అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వనరులు ఏ కాలంలో ఎవరికి దక్కాయో, ఎవరికి దక్కలేదో నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వ్యాయామం, శ్రమ, గరిడీ, తాలీంఖానా, కోడి రామమూర్తి నాయుడు, స్త్రీలు, తీరిక, బహిరంగస్థలం.

1. ఉపోద్ఘాతం

ప్రపంచ ఆరోగ్యసంస్థ పరిశోధకులు 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2022 నాటికి భారతదేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరకశ్రమ లేదు. స్త్రీలలో ఇది 57 శాతం, పురుషులలో 42 శాతం. 2000 సంవత్సరంలో మొత్తం మీద ఇది 22 శాతం మాత్రమే. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ గానీ, 75 నిమిషాల తీవ్రశ్రమ గానీ ఉండాలన్నది ఈ లెక్కకు ప్రమాణం.

ఇరవై రెండేళ్లలో ఒక దేశప్రజల స్వభావం ఇంతగా మారిపోదు. మారినవి వారి జీవనపరిస్థితులు. అయినా వ్యాయామం గురించిన ప్రచారం ఎక్కువగా వ్యక్తి సంకల్పాన్నే ఉద్దేశించి సాగుతుంది. ‘బద్ధకం వదలండి’ అనే పిలుపులో, చేయనివారు చేయగలిగీ చేయడం లేదన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని చరిత్ర ఎంతవరకు సమర్థిస్తుందన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ వ్యాసంలో ‘చోటు’ అంటే దేహాన్ని సంకోచం లేకుండా కదిలించగల స్థలం. ‘వేళ’ అంటే ఇతరుల పనికి లోబడని సొంత సమయం. ‘తోడు’ అంటే కలిసి చేసేవారు, నేర్పేవారు, తప్పుపట్టని సమాజం. ఈ మూడు మాటలనే పరికరాలుగా తీసుకొని, ప్రాచీనగ్రంథాల నుంచి నేటి ఉద్యానాల వరకు ఉన్న ఆధారాలను కాలక్రమంలో పరిశీలించడం జరిగింది. బాలుర క్రీడలు, వృత్తిక్రీడాకారుల పోటీలు ప్రధానవిషయం కావు. ఇల్లు, ఉపాధి, సంసారం గల పెద్దలే ఇక్కడి పరిశీలనకు కేంద్రం.

2. సంహితలలో వ్యాయామం: అర్హతలు, అడ్డంకులు

చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం వ్యాయామాన్ని నిర్వచించింది. శరీరానికి స్థైర్యాన్ని, బలాన్ని ఇచ్చే ఇష్టమైన శరీరచేష్టయే వ్యాయామమనీ, దానిని మితంగా ఆచరించాలనీ అక్కడి సారాంశం. ‘ఇష్టమైన’ అనే విశేషణం గమనించదగినది. తప్పనిసరై చేసే శ్రమకు ఈ నిర్వచనంలో చోటు లేదు.

అదే సందర్భంలో చరకుడు వ్యాయామం చేయకూడనివారిని కూడా పేర్కొన్నాడు. బరువులు మోసి, దూరాలు నడిచి, అతిగా పనిచేసి కృశించినవారు, కోపం, దుఃఖం, భయం, అలసట ఆవరించినవారు, బాలురు, వృద్ధులు, ఆకలిదప్పులతో ఉన్నవారు వ్యాయామాన్ని వర్జించాలి. వైద్యదృష్టితో చెప్పిన ఈ జాబితాకు సామాజికమైన అర్థం కూడా ఉంది. బరువులు మోసేవారు, బాటలు నడిచేవారు, ఆకలితో ఉన్నవారు అంటే ఆనాటి శ్రామికులే. వారిని సోమరులని గ్రంథం నిందించలేదు. వారి స్థితి వ్యాయామానికి అనుకూలం కాదని మాత్రమే చెప్పింది.

సుశ్రుతుడు, వాగ్భటుడు తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలన్న నియమం పెట్టారు. అష్టాంగహృదయం సూత్రస్థానంలోని రెండవ అధ్యాయం మరొక మెట్టు ముందుకు వెళ్లింది. బలవంతులు, నేయి మొదలైన స్నిగ్ధపదార్థాలు తినేవారు, చలికాలంలోను వసంతంలోను ఆ అర్ధశక్తి వ్యాయామం చేయవచ్చునని వాగ్భటుడు విధించాడు. కంచంలో నేయి ఉండటం వ్యాయామానికి అర్హతగా మారింది. దేహబలానికి తిండి పునాది అన్న ఆలోచన ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

3. తెల్లవారకముందు రాజు

తెలుగు, కన్నడ ప్రాంతాలను ఏలిన రాజుల వ్యాయామం గురించి సాక్ష్యాలు తగినన్ని ఉన్నాయి. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో మల్లవినోదం ఒక ప్రకరణం. మల్లుల వర్గీకరణ, వారికి ఇవ్వవలసిన ఆహారం, వారి అభ్యాసక్రమం అందులో వివరంగా ఉన్నాయి. మల్లుని పోషణ రాజు బాధ్యత కావడం ఇందులోని ముఖ్యాంశం.

తుంగభద్రాతీరంలోని విజయనగరాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడట. తరువాత నూనె చెమటగా కారిపోయేవరకు కత్తిసాము చేసి, మల్లులలో ఒకరితో కుస్తీ పట్టి, అనంతరం తెల్లవారేవరకు మైదానంలో గుర్రపుస్వారీ చేసేవాడట. ఇంత సవివరమైన వ్యాయామదినచర్య మన మధ్యయుగచరిత్రలో అరుదు.

ఈ వర్ణనను రాయల పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకోవడం పరిపాటి. పట్టుదల ఉన్న మాట నిజమే. అయితే ఆ వర్ణనలో మరికొన్ని విషయాలు కూడా ఉన్నాయి. మైదానం చోటు. తెల్లవారుజాము వేళ. మల్లుడు తోడు. నూనె తిండి. ఇవన్నీ అమరినవాడు కనుక రాజు సంకల్పం క్రియగా మారగలిగింది.

తరువాత కొద్దికాలానికి వచ్చిన మరో పోర్చుగీసు రచయిత నూనిజ్, విజయనగరరాజుల కొలువులో కుస్తీపట్టే స్త్రీలు ఉన్నారని పేర్కొన్నాడు. స్త్రీదేహం బలప్రదర్శనకు పనికిరాదన్న అభిప్రాయం సనాతనమైనదేమీ కాదని చెప్పడానికి ఈ ఒక్క వాక్యం చాలు. అయితే అది కొలువులోని ఉద్యోగం. గృహిణికి దక్కిన అవకాశంగా దానిని భావించలేం.

4. గరిడీ నుంచి తాలీంఖానాకు

వ్యాయామానికి సంబంధించిన తెలుగు పదజాలం అనేక సంస్కృతుల కలయిక. కసరత్తు అరబ్బీ మూలం గలది. చదువు, శిక్షణ అనే అర్థాలు గల ‘తాలీం’ అనే అరబ్బీ పదానికి ఇల్లు అనే అర్థం గల పారశీకపదం ‘ఖానా’ చేరి తాలీంఖానా అయింది. గురువు అనే అర్థం గల ‘ఉస్తాద్’ తెలుగులో వస్తాదుగా స్థిరపడింది. వీటి పక్కనే సాము, గరిడీ, జెట్టి, గోదా వంటి మాటలు నిలిచాయి. మాటలు ఇలా కలిసిపోవడానికి మనుషులు ఒకే మట్టిలో సాధన చేయడమే కారణం కావాలి.

గరిడీకి మొదట జీవనోపాధితో సంబంధం ఉండేది. పాలెగాళ్ల కింద, సంస్థానాధీశుల కింద, కోటల్లో బంట్లుగా ఉన్నవారికి కర్రసాము, కత్తిసాము వృత్తివిద్యలు. పెద్దవయసులోనూ అభ్యాసం మానకపోవడానికి జీతమే కారణం. దత్తమండలాలలో 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల సాయుధబలాన్ని అణచివేశాడు. 1878 నాటి ఆయుధచట్టం అనుమతిపత్రం లేకుండా ఆయుధాలు ఉంచుకోవడాన్ని నిషేధించింది. ఈ రెండు పరిణామాల వల్ల సాము బతుకుతెరువుగా తన ఆధారాన్ని కోల్పోయింది.

అయినా అది అంతరించలేదు. పండుగను ఆశ్రయించింది. దసరా ఊరేగింపులలో, పీర్లపండుగలో, గ్రామదేవతల జాతరలలో కర్రసాము, కత్తిసాము ప్రదర్శనలు కొనసాగాయి. ఊరి తాలీంఖానాకు ఊరే పోషకురాలైంది. పండుగకు ముందు రోజులలో సాయంత్రాలు అభ్యాసానికి దక్కాయి. వస్తాదు నేర్పాడు, ఈడువారు కలిశారు, ఊరు చూసి మెచ్చింది. చోటు, వేళ, తోడు మూడింటినీ సమష్టిజీవితమే సమకూర్చిన దశ ఇది. ఎవరూ ఒంటరిగా సంకల్పం చెప్పుకోవలసిన అవసరం లేకపోయింది.

ఈ వ్యవస్థకు హద్దులూ ఉన్నాయి. ఏ తాలీంఖానాలోకి ఎవరికి ప్రవేశమన్నది వీధిని బట్టి, కులాన్ని బట్టి మారేది. స్త్రీలకు సాధారణంగా ప్రవేశం లేదు. వ్యాయామశాలలో ప్రతిష్ఠితుడైన ఆంజనేయుడు బ్రహ్మచర్యానికి ప్రతీక. ఆ ఆదర్శం స్త్రీలను గడప బయట నిలపడంతో ఆగలేదు. గోదాను పెళ్లికాని యువకుల స్థలంగా కూడా మార్చింది. సంసారబాధ్యతలు మీదపడిన పురుషుడు గోదా నుంచి తప్పుకోవడం సహజమన్న అభిప్రాయానికి ఈ ఆదర్శం దోహదం చేసింది. వయోజనుల వ్యాయామం క్షీణించడంలో ఈ అంశాన్ని తేలికగా తీసుకోరాదు.

5. జాతి కోసం దేహం

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట దేహబలానికి కొత్త అర్థం వచ్చింది. పాలితులు దుర్బలులు కనుకనే పరాధీనులయ్యారన్న వలసపాలకుల వాదానికి జవాబుగా దేశమంతటా వ్యాయామశాలలు వెలిశాయి. ప్రసిద్ధ దేహదారుఢ్య ప్రదర్శకుడు యూజెన్ శాండో 1904-05లో భారతదేశంలో పర్యటించడం ఈ ఉత్సాహాన్ని పెంచింది. 1914లో అమరావతిలో హనుమాన్ వ్యాయామప్రసారక మండలి స్థాపితమైంది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ వైఎంసీఏ వ్యాయామవిద్యాకళాశాలను ప్రారంభించాడు. ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి సూర్యనమస్కారాలను సర్వజనుల వ్యాయామంగా ప్రచారం చేశాడు.

తెలుగువారిలో ఈ యుగానికి ప్రతినిధి కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత సర్కస్ నెలకొల్పి దేశవిదేశాలలో ప్రదర్శనలిచ్చాడు. ఇనుపగొలుసులు తెంచడం, ఏనుగును రొమ్ము మీద నిలుపుకోవడం, కదిలే మోటారుకార్లను పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలలో ప్రఖ్యాతాలు. ‘కలియుగ భీముడు’ అన్నది ప్రజలలో నిలిచిన పేరు. 1942లో మరణించాడు. వీధి తాలీంఖానా, వలసపాలనకాలపు వ్యాయామవిద్య, ఆధునిక ప్రదర్శనశాల మూడూ ఆయన జీవితంలో కలిశాయి.

అయితే సర్కస్ గుడారంలో బలవంతుడు ఒక్కడే. మిగిలినవారు ప్రేక్షకులు. దేహబలం ఊరి పండుగ నుంచి టిక్కెట్టు కొని చూసే ప్రదర్శనగా మారినప్పుడు, దానిని చూసి ఉత్తేజితులైన యువకులు ఎందరో ఉన్నారు. కానీ చూడటం, చేయడం ఒకటి కావు. వ్యాయామవిద్య పాఠశాలలో ఒక విషయంగా స్థిరపడటం కూడా ఇటువంటి ఫలితాన్నే ఇచ్చింది. బడిపిల్లలకు ఒక పిరియడు, ఒక ఉపాధ్యాయుడు, ఒక మైదానం లభించాయి. బడి వదిలిన మరునాటి నుంచి ఆ మూడూ లేవు. పెద్దవారి వ్యాయామానికి బాధ్యత వహించే సంస్థ ఏదీ తాలీంఖానా స్థానంలోకి రాలేదు.

నిజాం పాలనలోని తెలంగాణలో పరిస్థితి మరింత జటిలం. 1929 ప్రాంతంలో వెలువడిన గస్తీ నిషాన్ 53 ముందస్తు అనుమతి లేని బహిరంగసభలను నియంత్రించింది. ఆర్యసమాజం వంటి సంస్థలు వ్యాయామశాలలను రాజకీయచైతన్యానికి సాధనాలు చేసుకున్నాయి. పదిమంది యువకులు కూడి కర్ర తిప్పే చోటు ప్రభుత్వానికి అనుమానాస్పదమైంది. అటుపక్క వ్యాయామశాలలు మతపరమైన గుర్తింపులతో విడివడటం మొదలైంది. ఉస్తాద్, వస్తాదు అయిన మట్టి మీద గీతలు పడ్డాయి. తోడు సన్నగిల్లడానికి రాజకీయం ఎలా కారణమవుతుందో ఇక్కడ స్పష్టమవుతుంది.

ఈ ఉద్వేగాల మధ్య గురజాడ అప్పారావు దృష్టి ప్రత్యేకమైనది. 1910లో రాసిన ‘దేశభక్తి’ గేయంలో ఆయన దేహబలాన్ని ప్రబోధించాడు గానీ, దానికి ముందు తిండి ఉండాలన్న క్రమాన్ని విస్మరించలేదు. పంటను, పాడిని, కండను, దేశాన్ని ఒకే సూత్రంలో కూర్చాడు. కరువులు చూసిన నేల మీద నిలబడి చెప్పిన మాట అది. వాగ్భటుడు వైద్యుడిగా పెట్టిన నియమం గురజాడ చేతిలో సమాజానికి సంబంధించిన ప్రశ్న అయింది.

6. శ్రమ వేరు, వ్యాయామం వేరు

వ్యాయామచరిత్రలో కనిపించనివారు శ్రమచరిత్రలో కనిపిస్తారు. దంపుడు, విసురుడు, నీళ్లు మోయడం, నాట్లు, కలుపుతీత, కోతలు తెలుగుస్త్రీల దేహాన్ని నిరంతరం కదిలించాయి. రోకలిపాటలు, తిరగలిపాటలు ఈ శ్రమ నుంచి పుట్టాయి. పాట తోడును ఇచ్చింది, లయ అలసటను తగ్గించింది. అయినా ఆ శ్రమను ఎవరూ వ్యాయామమని పిలవలేదు. చరకుని నిర్వచనం ప్రకారం అది వ్యాయామం కూడా కాదు. ఎందుకంటే అందులో ఇష్టానికి తావు లేదు.

బియ్యపుమిల్లులు, పిండిమరలు, ఆ తరువాత విద్యుత్ గ్రైండర్లు వచ్చి ఈ శ్రమలో గణనీయమైన భాగాన్ని తొలగించాయి. దంపుడు కూలితో బతికిన స్త్రీల ఉపాధి పోయింది. గాంధీజీ 1934లో నెలకొల్పిన అఖిలభారత గ్రామోద్యోగసంఘం దంపుడుబియ్యాన్ని ప్రచారం చేయడానికి పోషకవిలువతో పాటు ఈ ఉపాధి కూడా కారణం. ఇళ్లలోని స్త్రీలకు మాత్రం మిల్లు గొప్ప ఉపశమనం. దానిని తక్కువచేసి, ‘పూర్వం రోకటిపోటు వల్ల ఆరోగ్యంగా ఉండేవారు’ అని నేడు వినిపించే మాట చరిత్రకు న్యాయం చేయదు. విముక్తి అవసరమైనదే. లోపం మరొకచోట ఉంది. రోకలి వదిలిన చేతులకు దక్కిన సమయం సొంతసమయం కాలేదు. ఇంటిలోని ఇతర పనులు ఆ ఖాళీని ఆక్రమించుకున్నాయి.

స్త్రీలు తమ దేహాన్ని పనికోసం కాక ఆనందంకోసం బహిరంగంగా కదిలించిన సందర్భాలు పండుగలే. తెలంగాణలో బతుకమ్మ దీనికి ఉత్తమోదాహరణ. తొమ్మిది రోజులు వాడలోని స్త్రీలు పెద్దా చిన్నా తేడా లేకుండా వలయంగా చేరి, వంగుతూ లేస్తూ, చప్పట్లు చరుస్తూ చాలాసేపు ఆడతారు. ఆ రోజులలో వీధి వారి చోటు, సాయంత్రం వారి వేళ, వలయమే వారి తోడు. ఆడవద్దని ఎవరూ అనరు, ఆడటానికి బద్ధకించేవారూ అరుదు. మూడు వనరులూ సమకూడినప్పుడు సంకల్పం గురించిన ప్రశ్నే తలెత్తదని ఈ పండుగ నిరూపిస్తుంది. పదవరోజు నుంచి వీధి మళ్లీ పురుషులదవుతుంది.

శ్రమకు, ఆరోగ్యానికి గల సంబంధాన్ని ఆధునికవైద్యం నిర్ధారించిన తీరు ఇక్కడ ప్రస్తావించదగినది. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ రవాణాసంస్థ ఉద్యోగులపై జరిపిన పరిశోధనను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. రెండంతస్తుల బస్సులలో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే హృద్రోగం తక్కువగా కనిపించింది. కండక్టర్ల సంకల్పబలం ఇందుకు కారణం కాదు. వారి పని స్వభావమే వారిని కదిలించింది. దేహం కదలాలంటే జీవనవిధానంలోనే కదలిక ఇమిడి ఉండాలన్న సత్యాన్ని ఆ పరిశోధన స్థాపించింది.

7. తలుపు తెరుచుకున్న చోట

స్త్రీలకు వ్యాయామం పట్ల ఆసక్తి లేదన్న వాదానికి ఉత్తరాంధ్ర సమాధానం చెప్పింది. మహిళల ప్రపంచ బరువులెత్తే పోటీలు 1987లో మొదలయ్యాయి. ఒలింపిక్స్‌లో మహిళలకు ఈ పోటీ 2000లో సిడ్నీలోనే తొలిసారి ప్రవేశపెట్టారు. ఆ తొలి అవకాశంలోనే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో సాధన చేసిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యపతకం సాధించి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయమహిళ అయింది. అంతకుముందే 1994, 1995లలో ఆమె ప్రపంచవిజేత.

విజయనగరం జిల్లాలోని కొండవెలగాడ గ్రామం బరువులెత్తే యువతీయువకులకు ప్రసిద్ధి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో పతకం సాధించిన మత్స సంతోషి ఆ గ్రామవాసి. కోడి రామమూర్తిని తీర్చిదిద్దిన విజయనగరం ప్రాంతంలోనే స్త్రీలు బరువులెత్తే ఊరు ఉండటం గమనార్హం. తాలీంఖానా గడప స్త్రీలకు తెరుచుకున్నప్పుడు జరిగిన మార్పు ఇది.

వీరు క్రీడాకారిణులు, సాధారణ వయోజనులు కారు అన్న ఆక్షేపణ సమంజసమే. అయితే ఇక్కడ పరిశీలించవలసింది పతకాల కంటే వాటి వెనక ఉన్న ఊరిని. ఊరిలో సాధన చేసే చోటు ఉంది, నేర్పేవారున్నారు, బరువులెత్తే ఆడపిల్లను వింతగా చూడని ఇరుగుపొరుగు ఉంది. పెళ్లి, సంసారం తరువాత కూడా ఆ చోటు స్త్రీకి మిగిలి ఉండేలా చూడటం అనే మెట్టు ఇంకా ఎక్కవలసి ఉంది.

8. నేటి నగరం: నడక ఎవరిది?

సమకాలీన తెలుగునగరాలలో పెద్దల వ్యాయామానికి ప్రధానరూపం ఉదయపు నడక. హైదరాబాదులో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమైన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణపు దారులు, విశాఖపట్నంలో తెల్లవారుజామున వాహనాలను ఆపి నడిచేవారికి వదిలే బీచ్‌రోడ్డు ఇందుకు ఉదాహరణలు. బీచ్‌రోడ్డు ఉదాహరణ ప్రత్యేకంగా బోధకం. అక్కడ కొత్తగా ఏదీ నిర్మించలేదు. ఉన్న దారిని కొద్దిసేపు మనుషులకు ఇచ్చారు. జనం వచ్చారు.

ఈ చోట్లు నగరమంతటా సమంగా లేవు. ఇరుకువాడలలో కాలిబాట ఉండదు, ఉన్నా నడవడానికి వీలుండదు. దూరపు ఉద్యానానికి చేరాలంటే వాహనం కావాలి, కొన్నింటిలోకి వెళ్లాలంటే రుసుము కట్టాలి. చోటుకు మించిన సమస్య వేళ. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా, ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. పైగా అటువంటి పని చేసే స్త్రీలు 81 శాతం కాగా, పురుషులు 26 శాతమే. జీతం లేని ఈ ఐదు గంటలను పక్కనపెట్టి, నడకకు అరగంట తీరిక చేసుకోమని స్త్రీకి చెప్పడం లెక్కకు నిలిచే సలహా కాదు. ఐదు వందల ఏళ్ల నాటి రాజు వ్యాయామం చేసిన తెల్లవారుజామే నేటి గృహిణికి పొయ్యి వెలిగించే వేళ, పారిశుద్ధ్య కార్మికురాలికి వీధి ఊడ్చే వేళ.

భారత వైద్యపరిశోధన మండలి చేపట్టిన ఇండియాబ్ అధ్యయనపు తొలిదశలో శారీరకశ్రమకు సంబంధించిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో 14,227 మందిని పరిశీలించగా 54.4 శాతం మంది చాలినంత శ్రమ లేనివారుగా తేలారు. తీరికవేళ ఇష్టంగా వ్యాయామం చేసేవారు 10 శాతానికి లోపే. తెలుగురాష్ట్రాలు ఆ దశలో లేకపోయినా వాటి పొరుగు రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి కనుక ఈ ఫలితాలు ఇక్కడ ఉపయోగపడతాయి. దేశంలో మనుషులు కదులుతున్నదంతా దాదాపుగా పనివల్లనే అని దీని అర్థం. యంత్రం ఆ పనిని తగ్గించే కొద్దీ కదలిక తగ్గుతుంది. ఆ లోటును భర్తీ చేయవలసిన తీరికవేళ వ్యాయామం మాత్రం కొద్దిమందికే అందుబాటులో ఉంది.

2015 నుంచి జూన్ 21న జరుపుతున్న అంతర్జాతీయ యోగదినోత్సవం, 2019 ఆగస్టు 29న ప్రారంభమైన ఫిట్ ఇండియా ఉద్యమం వ్యాయామాన్ని ప్రజల చర్చలోకి తెచ్చాయి. ఒకరోజు ఉత్సవం ఉత్సాహాన్నివ్వగలదు. తాలీంఖానా ఏడాది పొడవునా ఇచ్చిన చోటును, తోడును అది ఇవ్వజాలదు.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన ఫలితాంశాలు ఇవి:

1. తెలుగునాట వయోజనుల వ్యాయామం ఏ కాలంలోనూ కేవలం వ్యక్తిసంకల్పం మీద ఆధారపడలేదు. రాజుకు కొలువు, బంటుకు జీతం, ఊరివారికి పండుగ దానిని నిలబెట్టాయి.

2. సాముకు ఉన్న జీవనోపాధి ఆధారం వలసపాలనలో పోయింది. జాతీయోద్యమకాలంలో దేహబలానికి గౌరవం పెరిగినా, వ్యవస్థ పాఠశాలకు, ప్రదర్శనకు పరిమితమైంది. గృహస్థులైన పెద్దలకు ప్రత్యామ్నాయం ఏర్పడలేదు.

3. స్త్రీలు, శ్రామికులు శ్రమకు కేంద్రంగా, వ్యాయామానికి అంచున ఉన్నారు. యంత్రాలు శ్రమను తగ్గించినా ఆ సమయంపై వారికి హక్కు రాలేదు. నేటి గణాంకాలలో స్త్రీ పురుషుల మధ్య కనిపించే అంతరానికి మూలం ఈ చరిత్రలో ఉంది.

4. బతుకమ్మ వలయం, కొండవెలగాడ గ్రామం, విశాఖ బీచ్‌రోడ్డు వేరువేరు కాలాలకు, స్వభావాలకు చెందినవైనా ఒకే సంగతిని చెబుతున్నాయి. చోటు, వేళ, తోడు సమకూడినచోట జనం కదులుతారు.

చరకుడు వ్యాయామానికి అనర్హులుగా పేర్కొన్నవారిని ఈ నేపథ్యంలో మరోసారి గుర్తుచేసుకోవాలి. ఆకలి, అలసట, భయం, అతిశ్రమ ఇప్పటికీ వ్యాయామానికి ప్రధానమైన అడ్డంకులు. చీకటి పడితే వీధిలో నడవడానికి జంకే స్త్రీ, రెండు పూటల పని ముగించి బస్సుకోసం నిలబడే కూలీ ఆ జాబితాలోనివారే. ప్రాచీనవైద్యుడు వారిని తప్పుపట్టలేదు. నేటి ఆరోగ్యప్రచారం కూడా ఆ మేరకు వివేకం చూపవలసి ఉంది. పురపాలకసంఘం కాలిబాటకు కేటాయించే నిధి, కుటుంబంలో పురుషుడు పంచుకునే ఇంటిపని, బడి వేళలు ముగిశాక పెద్దలకోసం తెరిచి ఉంచే మైదానపు గేటు వ్యాయామప్రబోధం కంటే ఎక్కువ ఫలితాన్నిస్తాయి. గ్రామాలవారీగా తాలీంఖానాల స్థలాలను, వస్తాదుల పరంపరను, వాటిలో ప్రవేశం దక్కనివారి అనుభవాలను మౌఖికచరిత్ర పద్ధతిలో సేకరించడం ఈ దిశలో జరగవలసిన తదుపరి పరిశోధన.